మూడో మెట్టు

మార్చి 4, మంగళవారం

ఇది రేడియేషన్ మీటర్ల సరిచూపు రాయడానికి ఆఫీసు ఇచ్చిన పుస్తకం. పాత మీటర్లు మూలన పడ్డాక సగం ఖాళీగా మిగిలిపోయింది. ఇంట్లో డైరీ పెట్టుకుంటే ఎవరి కంటైనా పడుతుందని నాకు భయం. ఒంటరిగా ఉండే ఇంట్లో ఎవరి కంట పడుతుందంటే జవాబు లేదు. ఇక్కడైతే నిశ్చింత. సరిచూపు పుస్తకం తెరిచి చదివేంత ఓపిక మా ఆఫీసులో ఎవరికీ లేదు, నాతో సహా.

భోజనాల వేళ పది నిమిషాలు దొరికాయి కాబట్టి రాస్తున్నాను. పొద్దున పెద్దాయన పిలిచారు. మా డైరెక్టర్ గారిని అందరం పెద్దాయన అంటాం, నాకంటే నాలుగేళ్లు చిన్నవాడైనా. అక్కావాళ్ల ఊరి గ్రాఫు చూపించమన్నారు. అణు విద్యుత్ ప్లాంటులో ప్రమాదం జరిగిన నెల నుంచి ఇప్పటిదాకా, ఊళ్లో నలభై చోట్ల పాతిన పసుపు కర్రల దగ్గర నెలనెలా తీసిన రీడింగుల సగటు అది. మూడేళ్లుగా దిగుతూ దిగుతూ పరిమితి కిందకి వచ్చింది. సున్నా పాయింట్ మూడు పరిమితి. ఈ నెల సున్నా పాయింట్ రెండు. వరుసగా ఇది మూడో నెల.

వరుసగా మూడు నెలలు పరిమితి లోపల ఉంటే ఊరు తెరవొచ్చు, జనం తిరిగి ఇళ్లకు పోవచ్చు. ఆ నియమం రాసింది నేనే. ఎప్పుడూ అవే నలభై చోట్ల కొలవాలి, లేకపోతే ఒక నెలను ఇంకో నెలతో పోల్చలేం అని కూడా నేనే రాశాను. అప్పట్లో చాలా తెలివైన మాట అనిపించింది.

"ఇక మీ సంతకమే తరువాయి" అన్నారు పెద్దాయన. పద్నాలుగో తేదీ శుక్రవారం లోపు పెట్టాలట. బస్సులు కూడా మాట్లాడేశారు.

సంతోషపడ్డాను. లిఫ్టు కిందకి దిగేదాకా నవ్వుతూనే ఉన్నాను.

మార్చి 5, బుధవారం

నిన్న సాయంత్రం రేకుల గదుల దగ్గరికి వెళ్లి అక్కకి చెప్పాను. మూడేళ్లుగా ఊరి జనమంతా అక్కడే ఉన్నారు, రైలు పెట్టెల్లా వరసగా కట్టిన గదుల్లో. అక్క చేతిసంచి లోపల పిన్నీసుతో గుచ్చి పెట్టుకున్న ఇంటి తాళంచెవి తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ గుచ్చి పెట్టుకుంది. ఆ తర్వాత ఉన్నట్టుండి ట్రంకు పెట్టె దులపడం మొదలుపెట్టింది.

బావ మాత్రం ఊరుకుంటాడా. "తాళంచెవి మా దగ్గరే ఉన్నా మా ఇంటి తలుపు తియ్యడానికి మీ ఆఫీసుకి మూడేళ్లు పట్టింది మరదలా" అన్నాడు. అని నవ్వబోతే దగ్గు వచ్చింది. ఈ మధ్య నవ్వినప్పుడల్లా దగ్గే వస్తోంది.

అక్క మనవరాలు బుడ్డది ఆ ఇంటిని చూడనే లేదు. అక్క కూతురు కాన్పు రేకుల గదిలోకి వచ్చిన మొదటి నెలలోనే అయింది. అమ్మాయి షిఫ్టుల ఉద్యోగానికి పోతే పిల్లని చూసేది తాతే. రోజూ సాయంత్రం దానికి ఇల్లు చెబుతాడు, వేరే వాళ్లు కథ చెప్పినట్టు. గేటు తీస్తే కిర్రుమంటుంది. దాటితే మూడు మెట్లు. దిగేటప్పుడు ఒకటి, రెండు, మూడు. మూడో మెట్టు వెడల్పు. చెప్పులు తొడుక్కునేది అక్కడే, కూరగాయలు తరిగేది అక్కడే, మీ అమ్మ లేచి నిలబడి మొదటి అడుగు వేసింది అక్కడి నుంచే. "మూడు" అనగానే బుడ్డది దభీమని నేల మీద కూర్చుని చప్పట్లు కొడుతుంది. నిన్న నాలుగుసార్లు కూర్చుంది.

నాకు చిన్నమ్మమ్మ అని పిలిపించుకునే వయసు వచ్చేసింది. ఫరవాలేదు.

మార్చి 8, శనివారం

సంతకానికి ముందు ఊరు చూసి రావాలని నియమం ఏమీ లేదు. బావకి గొప్ప చూపించాలని ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లాను. రాయక తప్పదు కాబట్టి పుస్తకం ఇంటికి తెచ్చుకుని రాస్తున్నాను.

ఊరు శుభ్రం చేసే పనివాళ్ల మేస్త్రీ మాకు తోడు వచ్చాడు. అతనిదీ అదే ఊరు. మూడేళ్లుగా సొంత ఊరి మట్టినే గీకించి, గోతాల్లో నింపించి, లారీలకెక్కిస్తున్నాడు. మాట పొదుపు, చేతిపని శ్రద్ధ. ఎక్కడ పసుపు కర్ర కనిపించినా దాని చుట్టూ తెల్లటి కొత్త కంకర గుండ్రంగా పరిచి ఉంది, చూడముచ్చటగా. బడి దగ్గర, మార్కెట్ దగ్గర, నీళ్ల ట్యాంకు దగ్గర, అన్ని చోట్లా అంతే. మెచ్చుకుందామని, కర్రల దగ్గర పని బాగా చేయించారే అన్నాను.

"మీరే కదా మేడమ్ పటం గీసి ఇచ్చి, ఈ నలభై చోట్ల ప్రత్యేకంగా జాగ్రత్త అన్నది" అన్నాడు. "మిగతా ఊరంతా ఒకసారి గీకితే, కర్రల దగ్గర రెండు మూడుసార్లు గీకించాను. మీ మాట పోనివ్వలేదు."

మొదటి ఏడాది లారీలు తగిలి తొమ్మిది కర్రలు పడిపోయాయి. మళ్లీ పడెయ్యకండని చెప్పడానికి ఇచ్చిన పటం అది. జాగ్రత్త అంటే కర్ర జాగ్రత్త.

ఎండ ఎక్కువగా ఉంది, పదండి అన్నాను.

బావ ఇంటి తాళం రాయితో రెండు దెబ్బలు వేస్తే గానీ తెరుచుకోలేదు. గేటు నిజంగానే కిర్రుమంది. లోపలికి పోతాడనుకుంటే బావ నేరుగా వెళ్లి మూడో మెట్టు మీద కూర్చున్నాడు. కాళ్లు చాపుకుని, చేతులు మెట్టు మీద ఆనించి, కళ్లు మూసుకున్నాడు. నా చేతిలో మీటర్ ఉంది. ఆ ఇంటి కప్పుకి గొట్టం లేదు. మూడేళ్ల వాన అంతా కప్పు అంచు నుంచి సరిగ్గా ఆ మెట్టు మొదట్లోనే పడింది. మీటర్ కూయడం మొదలుపెట్టింది. కొంచెం ఎక్కువ చూపించింది.

ఊరివాళ్లు దాన్ని పిట్ట అంటారు. "ఏమంటోంది నీ పిట్ట?" అన్నాడు బావ కళ్లు తెరవకుండానే.

దాహమేస్తోందట అన్నాను. చప్పుడు రాకుండా మీట నొక్కేశాను.

మార్చి 9, ఆదివారం

ఒక ఇల్లు ఊరు కాదు. సగటు అంటే సగటే.

మార్చి 10, సోమవారం

పాత ఫైలు తీయించాను. పటం అందులోనే ఉంది. "ఈ చోట్ల ప్రత్యేక జాగ్రత్త" అని ఎర్ర సిరాతో రాసి, కింద రెండు గీతలు కొట్టి, సంతకం పెట్టాను. నా చేతిరాత బాగుంటుందని అందరూ అంటారు. ఎవరికైనా అర్థమయ్యేట్టే ఉంది.

అంటే మూడేళ్లుగా ఊరు కొలవలేదు. నలభై కంకర గుండ్రాలను కొలిచాం.

పెద్దాయన దగ్గరికి వెళ్లి చెప్పాను. కోప్పడతారనుకున్నాను, కోప్పడలేదు. కోపానికి కూడా శక్తి కావాలి, ఈ ఆఫీసులో అది అందరికీ అయిపోయింది. కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టి, సొరుగులోంచి ఒక కాగితం తీసి నా ముందుకు జరిపారు. రేకుల గదుల్లో అరవై దాటినవాళ్ల ఆరోగ్యం రిపోర్టు. నిద్ర లేదు, రక్తపోటు, జారి పడటాలు, ఎవరితోనూ మాట్లాడకపోవడాలు. ఈ ఏడాది అక్కడ పోయినవాళ్లు పదకొండు మంది.

"ఇది కూడా మన శాఖ లెక్కే కదమ్మా" అన్నారు. "మెట్టు మీద కూర్చుంటే ఎప్పుడో ఇరవై ఏళ్లకి ఏమవుతుందో మనకి తెలీదు. ఈ రేకుల కింద ఏమవుతుందో తెలుసు."

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన చెడ్డవాడైతే నా పని ఎంత సులువుగా ఉండేది.

ఊరు తెరిచాక రెండో విడతలో కొలిచే పద్ధతి మార్చుకుందాం అన్నారు. రెండో విడత ఎప్పుడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

మార్చి 11, మంగళవారం

మీటర్ కొంచెం ఎక్కువే చూపించింది. కొంచెమే.

మార్చి 12, బుధవారం

బావకి ఆయాసం. డాక్టరు చూసి, గాలీ వెలుతురూ ఉన్న చోట ఉంచమన్నాడు. ఆ మాట రేకుల గదిలో నిలబడి చెప్పాడు. తర్వాత ఆయనకే సిగ్గేసినట్టుంది, మందు రాసిచ్చి త్వరగా వెళ్లిపోయాడు.

నన్ను సాగనంపే వంకతో అక్క నీళ్ల కుళాయిల దాకా వచ్చింది. ట్రంకు పెట్టె సర్దడం అయిపోయిందని చెప్పింది. బుడ్డదాని ఊయల కట్టడానికి దూలానికి కొక్కెం ఉందో ఊడిందో చూశావా అని అడిగింది. నేను లోపలికే పోలేదని చెప్పలేకపోయాను. ఉంది అన్నాను.

అక్క నా ముఖంలోకి చూసి గొంతు తగ్గించింది. "నీ ముఖం చూస్తే సంతకం పెట్టేలా లేవు. ఏముందో నాకు చెప్పకు. ఈ రేకుల కింద ఇంకో ఎండాకాలం అంటే మీ బావ ఉండడు. నాకు అదొక్కటే తెలుసు."

మా అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. నేను పదో ఏట నుంచి అక్క చేతి అన్నం తిన్నదాన్ని. ఆవిడ నన్ను ఇప్పటిదాకా ఏదీ అడగలేదు.

మార్చి 14, శుక్రవారం

పెట్టాను.

మార్చి 15, శనివారం

రేకుల గదుల దగ్గర ఎవరి ముఖం చూసినా వెలిగిపోతోంది. ఎవరో నాకు కుర్చీ వేశారు, ఎవరో టీ తెచ్చారు. ఒకాయన నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. చాలా అలసటగా అనిపించింది.

బావని పక్కకి పిలిచి, మీరిద్దరూ ఏమైనా చేసుకోండి గానీ బుడ్డదాన్ని మాత్రం మూడో మెట్టు మీద కూర్చోనివ్వకు అన్నాను. ఎందుకన్నాడు. మీటర్ అక్కడ కొంచెం ఎక్కువ చూపించింది అన్నాను.

"కొంచెమంటే?"

కొంచెమే బావా అన్నాను.

"నా పెళ్లి నాటికి నీకు పదేళ్లు. లడ్డూ దొంగతనంగా తిని తినలేదని చెప్పినప్పుడు కూడా ఇట్లాగే చెవి గోక్కున్నావు" అన్నాడు.

చెయ్యి కిందకి దించేసి చెప్పాను. ఇక్కడ కూడా ఇప్పుడే మొదటిసారి రాస్తున్నాను. పరిమితి సున్నా పాయింట్ మూడు. మెట్టు మొదట్లో రెండు పాయింట్ ఆరు.

బావకి లెక్కలు వచ్చు. బడి కాంటీన్ నడిపినవాడు. పెదవులు కదుపుతూ మనసులోనే భాగించుకున్నాడు. తర్వాత, మరి పక్కింటివాళ్ల మెట్టు సంగతేమిటి అన్నాడు. తెలియదన్నాను. వాళ్లకీ ఇద్దరు పిల్లలున్నారు కదా అన్నాడు. ఎవరి ఇల్లూ కొలవలేదు బావా, కర్రల దగ్గరే కొలిచాం అన్నాను.

సరే అన్నాడు. ఆ సరే నాకు నచ్చలేదు.

మా బుడ్డది క్షేమంగా ఉంటుంది. నేను చెయ్యగలిగింది చేశాను.

మార్చి 16, ఆదివారం

నేను చెయ్యగలిగింది చేశాను అని నిన్న రాశాను. చదువుకుంటే రోత పుట్టింది. నా వాళ్లకి చెవిలో చెప్పి, మిగతా ఊరికి సంతకం పెట్టి ఇచ్చాను. అదీ నేను చేసింది.

మార్చి 17, సోమవారం

పొద్దున ఆఫీసుకి వస్తే గేటు దగ్గర నుంచి నా గది దాకా వరస. అందరూ రేకుల గదులవాళ్లే. తిట్టడానికి వచ్చారనుకుని గుండె గట్టి చేసుకున్నాను. తిట్టలేదు. అరుపుల్లేవు, ఎవరినీ ఎవరూ తోసుకోలేదు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కాగితం.

ముందున్నావిడ కాగితం నా టేబుల్ మీద పరిచింది. మందుల చీటీ వెనక పెన్సిలుతో గీసిన ఇల్లు. తలుపులు, వసారా, వెనక కుళాయి, చెట్టు. "మా ఇంట్లో ఎక్కడ కూర్చోకూడదో గుర్తుపెట్టి ఇస్తే చాలు మేడమ్. మిగతాది మేం చూసుకుంటాం" అంది.

బావ పక్కింటివాళ్లకి చెప్పాడు. ఆయన చెప్పకుండా ఉండలేడని నాకు తెలుసు. తెలిసే చెప్పానేమో. ఏమో, నన్ను నేను మంచిదాన్ని చేసుకోవడానికి అలా రాస్తున్నానేమో కూడా.

వరసగా వచ్చారు. పిల్లల నోటుపుస్తకం కాగితాలు, పాత క్యాలెండర్ వెనక వైపు, అట్టపెట్టె ముక్క. ఒకాయన తన మంచం ఏ మూల ఉంటుందో, తల ఎటు పెట్టుకుంటాడో కూడా గీశాడు. ఒక ముసలావిడకి గీయడం రాదు. నా టేబుల్ మీదే స్టాంపు ప్యాడు గడప అనీ, జిగురు సీసా పొయ్యి అనీ, నా టీ గ్లాసు బావి అనీ పెట్టి, ఇక్కడ కూర్చుని గిన్నెలు తోముకుంటాను, ఫరవాలేదా అమ్మా అని అడిగింది. నాకు తెలియదు. ఒక్క కాగితంలో ఒక్క చోటు గురించి కూడా నాకు తెలియదు. మూడేళ్ల రీడింగులున్నాయి నా దగ్గర, బీరువా నిండా.

చివర మేస్త్రీ. అతని చేతిలో కూడా కాగితం ఉంది, మడిచి, చెమటకి తడిసింది. దాన్ని నాకివ్వలేదు.

"నేను చేసింది తప్పా మేడమ్?" అన్నాడు.

మూడేళ్లు ఆ ఊరి మట్టి పీల్చినవాడు అడుగుతున్నాడు.

"మీరు నేను చెప్పిందే చేశారు" అన్నాను. "నేను చెప్పిందే సరిగ్గా లేదు. రీడింగులు తగ్గుతుంటే ఎందుకు తగ్గుతున్నాయో చూడకుండా మురిసిపోయాను. ఆ తప్పు నాది."

అతను కాగితం విప్పి, నలిగినచోట అరచేత్తో సాపు చేసి, మిగతావాటి మీద పెట్టాడు. అతనింటి పిల్లలు ఆడుకునే చోటు కుళాయి తూము పక్కన.

మొత్తం అరవై మూడు కాగితాలు.

మార్చి 18, మంగళవారం

సంతకం వెనక్కి తీసుకుంటున్నానని రాసి ఇచ్చాను. కారణం దగ్గర పటం నకలు జతచేశాను, ఎర్ర సిరా కనబడేట్టు. పాత నియమం కొట్టేసి కొత్తది రాశాను. మొదటి వాక్యం రాయడానికి ఒక పూట పట్టింది: మనుషులు ఎక్కడ కూర్చుంటారో, పడుకుంటారో, పిల్లలు ఎక్కడ ఆడుకుంటారో అక్కడ కొలవాలి. పదహారేళ్ల సర్వీసులో ఇంత సాదా వాక్యం రాయలేదు.

పెద్దాయన రెండుసార్లు చదివారు. ఆ పదకొండు మంది కాగితం మళ్లీ తీస్తారనుకున్నాను. తియ్యలేదు. "ఇది పైకి పోతే బస్సులు ఆగిపోతాయి. ఆ సంగతి రేకుల గదులవాళ్లకి మీరే చెప్పాలి" అన్నారు. నేనే చెబుతానన్నాను. ఎన్నాళ్లు పడుతుందని అడిగారు. రెండు మీటర్లు, మేస్త్రీ, నేను కలిస్తే వానలు పడేలోపు ఇళ్లన్నీ కొలవొచ్చు, ఆ తర్వాత చెడ్డ చోట్లు గీకించాలి అన్నాను. ఈ వేసవి పోయినట్టే అన్నారు. అవునన్నాను.

ఆయన దాని మీద సంతకం పెట్టి పైకి పంపారు. చివరికి ఆయన కూడా అలిసిపోయిన మనిషే.

మార్చి 19, బుధవారం

చెప్పాను. కుర్చీ వేసినాయనే ముందు లేచి వెళ్లిపోయాడు. కాగితాలు తెచ్చినవాళ్లలో కూడా సగం మంది ముఖాలు తిప్పుకున్నారు. ఎక్కడ కూర్చోకూడదో చెప్పమన్నారు గానీ వెళ్లొద్దని చెప్పమనలేదు కదా.

మార్చి 20, గురువారం

అక్క టీ ఇచ్చింది. నేను తాగినంతసేపూ గోడవైపు చూస్తూ కూర్చుంది. సర్దిన ట్రంకు పెట్టె అలాగే గుమ్మం పక్కన ఉంది, దాని మీద బుడ్డదాని టోపీ.

లేచేటప్పుడు చేతిసంచి తెరిచి, పిన్నీసు విప్పి, తాళంచెవి నా అరచేతిలో పెట్టింది. "కొలవడానికి కావాలి కదా, ఉంచుకో" అంది. గుమ్మం దాటాక, నా వీపుకి చెప్పినట్టు, "ఆయనకేమన్నా అయితే మాత్రం నీ ముఖం చూడలేను. ముందే చెబుతున్నా" అంది.

రాత్రి వేళ ఏడ్వడం నాకు అలవాటు లేదు. బస్సులోనే ఏడ్చాను, కిటికీ పక్క సీటు దొరికింది.

మార్చి 23, ఆదివారం

మేస్త్రీ, నేను రేపటి నుంచి మొదలుపెడతాం. కాగితాలు వీధుల వారీగా సర్దుకున్నాను. ముసలావిడ ఇంటిని నేనే గీసుకున్నాను, స్టాంపు ప్యాడు గడప, టీ గ్లాసు బావి.

సాయంత్రం రేకుల గదికి వెళ్లాను. వెళ్లకుండా ఉండలేకపోయాను. అక్క లోపల ఉంది, బయటికి రాలేదు. బావ గుమ్మం ముందు కుర్చీలో దిండు ఆనుకుని ఉన్నాడు. బుడ్డది ఆయన మోకాళ్ల దగ్గర నిలబడి ఇల్లు చెప్పమంటోంది.

చెప్పడం మొదలుపెట్టాడు. మధ్య మధ్య ఊపిరి కోసం ఆగుతున్నాడు. గేటు తీస్తే కిర్రుమంటుంది. దాటితే మెట్లు. బుడ్డది వేలు ముందుకు పెట్టి లెక్కపెట్టింది. ఒకటి. రెండు. మూడు అనడానికి నోరు తెరిచి, కూర్చోవడానికి మోకాళ్లు వంచింది.

"అయిపోయాయి" అన్నాడు బావ.

"మూడు కదా తాతా?"

"తాత తప్పు లెక్కపెట్టాడమ్మా. మీ చిన్నమ్మమ్మ వెళ్లి కొలిచి వచ్చింది. రెండే."

బుడ్డది నావైపు తిరిగింది. దాని వేలు ఇంకా గాల్లోనే ఉంది.

"అవును, రెండే" అన్నాను.

నా చెయ్యి నాకు తెలియకుండానే చెవి దగ్గరికి పోయింది. బావ చూశాడు. చూసి, తల పక్కకి తిప్పుకున్నాడు. బుడ్డది కొంచెంసేపు ఆలోచించి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టి, రెండు దగ్గర కూర్చుంది. చప్పట్లు మాత్రం కొట్టలేదు.